రోళ్ళు పగిలే ఎండలో కంది వేరు నేస్తము



వేసవి ముదిరినదంటే మన ప్రాంతీయ వార్తలలో ఒక ఊరి పేరు తరచుగా వినిపిస్తుంది. అది రెంటచింతల. గురజాలకూ మాచర్లకూ నడుమ రైలుదారిపై ఉన్న ఆ పల్నాటి ఊరికి ఇంత ప్రసిద్ధి తెచ్చినది అక్కడి వాతావరణ పరిశీలన కేంద్రములోని ఉష్ణమాపకము. అక్కడ ఎండ 45 డిగ్రీలు దాటినదని వార్త వచ్చిన రోజున, వినేవారి మాట అటుంచి, చదివే మాకే గొంతు తడి ఆరిపోయినట్లుంటుంది.

ఆ ఉష్ణమాపకము కొయ్యపెట్టెలో, నీడలో, నేలకు సుమారు నాలుగు అడుగుల ఎత్తున ఉంటుంది. అది చెప్పేది గాలి వేడిమి. ఎండకు బయలుగా పడి ఉన్న నల్లరేగడి పైపొర వేడిమి అంతకంటె ఎంతో హెచ్చు. 60 డిగ్రీలను కూడ అందుకొనవచ్చును. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరకనే అనలేదు. ఆ వేళకు మనుష్యులు వసారాలలోనికి చేరుకొంటారు. పశువులను చెట్ల క్రింద కట్టివేస్తారు. మరి నేలలోనే కాపురమున్న జీవులు ఎక్కడికి పోవాలి? ముఖ్యముగా, మనము తినే కందిపప్పుకు కండ పెట్టే ఆ కంటికి కనబడని సూక్ష్మజీవుల గతి ఏమి? ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ఆ సంగతి.

ఈ విషయమును ఎన్నుకొనుటకు ఒక కారణము కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట మాకు ఒక పోస్టుకార్డు వచ్చినది. వ్రాసినవారు నరసరావుపేట చుట్టుప్రక్కల కాలువ క్రింది పల్లెలోని ఒక రైతు. కందివిత్తనమునకు సూక్ష్మజీవుల పొడి పట్టించవలసిన విధానమును మేము పొలము పనుల కార్యక్రమములో చెప్పగా ఆయన విన్నారు. పొడి తెచ్చి, చెప్పినట్లే కలిపి విత్తినారు. ఆరు వారములకు మొక్కను త్రవ్వి చూస్తే వేళ్ళకు బుడిపెలు దాదాపుగా లేవు. తప్పు తనదా, పొడిదా, లేక రేడియోలో చెప్పిన మాదా అని ఆయన అడిగినారు. ఆ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పవలెనంటే ముందుగా ఆ జీవుల స్వభావము తెలియవలెను.

మనము పీల్చే గాలిలో 100 పాళ్ళకు 78 పాళ్ళు నత్రజనియే. లెక్క కట్టి చూస్తే, ఒక్క ఎకరము నేలపై నిలిచి ఉన్న గాలిలో సుమారు 31 వేల టన్నుల నత్రజని ఉంటుంది. పైరుకు కావలసినది అందులో కొన్ని కిలోలు మాత్రమే. అయినను ఏ మొక్కయు దానిని నేరుగా తీసుకొనలేదు. నత్రజని అణువులో రెండు పరమాణువులు ఒకదానినొకటి అంత గట్టిగా పట్టుకొని ఉంటాయి. వాటిని విడదీయుటకు జర్మనీలో 1913లో మొదలైన కర్మాగార పద్ధతికి 400 డిగ్రీలకు పైబడిన వేడిమి, మామూలు గాలి ఒత్తిడికి 150 రెట్లు మించిన ఒత్తిడి కావలసివచ్చినవి. మనము బస్తాలలో కొనే యూరియా ఆ మార్గములో వచ్చినదే. అదే పనిని కంది వేరుపై ఆవగింజ మొదలు శనగగింజ వరకు ఉండే ఒక బుడిపె, ఏ కొలిమియు లేకుండ, మామూలు నేల వేడిమిలోనే చేస్తున్నది.

పప్పుజాతి పైరు వేసిన చేను బలపడుతుందని మన రైతులకు తరతరాలుగా తెలుసు. కారణము మాత్రము 19వ శతాబ్ది చివరకు గాని తేలలేదు. జర్మనీలో హెల్‌రీగెల్ అను శాస్త్రజ్ఞుడు 1886లో, ఈ జాతి మొక్కలు గాలిలోని నత్రజనిని వాడుకొనుటకు వేరుబుడిపెలే మూలమని చెప్పినాడు. హాలండు దేశీయుడు బైజరింక్ 1888లో ఆ బుడిపెలలోని సూక్ష్మజీవిని వేరుచేసి పెంచినాడు. మరుసటి సంవత్సరము ఫ్రాంక్ అను మరియొక జర్మను పండితుడు దానికి రైజోబియం అని పేరు పెట్టినాడు. వేరులో బ్రతికేది అని ఆ పేరునకు అర్థము.

మొక్కకూ ఈ జీవికీ జరిగే ఒడంబడిక చిత్రమైనది. వేరు కొన్ని రసములను మట్టిలోనికి స్రవిస్తుంది. అది పిలుపు. సూక్ష్మజీవి ఆ పిలుపును గుర్తించి బదులుగా మరియొక రసమును విడుస్తుంది. అపుడు వేరునూగు వంకర తిరిగి ఆ జీవిని తనలో చుట్టుకొంటుంది. వేరుశనగలోనయితే పిల్లవేరు పుట్టుకొని వచ్చేచోట ఏర్పడే సందులోనుండి అది ప్రవేశిస్తుంది. లోపలికి చేరిన జీవి చుట్టు మొక్క ఒక బుడిపెను కట్టి ఇస్తుంది. ఆకులలో తయారయిన చక్కెరను మొక్క పంపుతుంది. గాలినుండి పట్టిన నత్రజనిని సూక్ష్మజీవి ఇస్తుంది. మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి చాపకూడు కుడిపినాడని పల్నాటి వీరుల కథ చెప్పుకొంటాము గదా. కంది వేరుపై జరిగేది కూడ ఒక చాపకూడే. ఆ పంక్తిలోనుండి ఒకరు లేచిపోయినారా, రెండవవారికి కూడు లేదు.

అయితే ఏ జీవియయినను ఏ మొక్కతోనయినను కూర్చుండదు. కంది, మినుము, పెసర, అలసంద, వేరుశనగ ఇంచుమించు ఒకే కూటమిలోనివి. నిదానముగా పెరిగే బ్రాడీరైజోబియం జాతులు వీటికి నేస్తములు. శనగకు దాని జీవి వేరు. సోయాచిక్కుడుకు దానిది వేరు. ఒకదానికై తయారయిన పొడిని వేరొకదానికి పట్టించుట వృథా.

ఇక ఎండకాలపు మాటకు వస్తాము. నేలలోని కొన్ని సూక్ష్మజీవులు కష్టకాలము వచ్చినపుడు గట్టి పెంకుగల సిద్ధబీజములుగా మారి సంవత్సరముల తరబడి నిద్రిస్తాయి. పాలు కాచినను చావక మిగిలేవి అటువంటివే. మన వేరునేస్తములకు ఆ విద్య లేదు. అవి పెంకు కట్టుకొనలేవు. పల్చని చర్మముతోనే వేసవిని ఈదవలెను. అయినను ఏటేటా తొలకరికి అవి మిగిలే ఉంటున్నవి. ఎట్లు?

మొదటి రక్ష మట్టియే. రెగడిమట్టిలోని బంకరేణువులు అతి సూక్ష్మమైన పలకలు. అవి సూక్ష్మజీవి చుట్టు చేరి దానికి కవచము కడతాయి. ఆస్ట్రేలియా పశ్చిమభాగములోని ఇసుక నేలలలో ఒకప్పుడు ఒక చిక్కు వచ్చినది. పచ్చికబయళ్ళలో వేసిన క్లోవరు మొక్క మొదటి యేడు బాగుగా పెరిగి, వేసవి గడచిన తరువాత రెండవ యేడు దెబ్బతినేది. మార్షల్ అను శాస్త్రజ్ఞుడు 1964లో ప్రకటించిన పరిశోధనలో కారణము చూపినాడు. ఎండిన ఇసుకలో, వేడిమిలో ఆ క్లోవరు జీవులు చచ్చిపోతున్నవి. అదే ఇసుకకు బంకమట్టి కలిపితే బ్రతుకుతున్నవి. నిదానముగా పెరిగే జాతులు మాత్రము బంకమట్టి లేకున్నను మెరుగుగా తట్టుకొన్నవి. మన కంది, మినుము, వేరుశనగల నేస్తములు ఆ నిదానపు కోవలోనివే. పైగా పల్నాటి రేగడిలో అటువంటి బంకమట్టికి కొదువలేదు. నాగలికి అంటుకొని రైతును విసిగించే ఆ బంకయే వేసవిలో ఈ జీవులకు గొడుగు పడుతున్నది. ఎర్రచెలకలకు, గరుపనేలలకు ఆ భాగ్యము తక్కువ.

రెండవ రక్ష లోతు. నేల పైన నిప్పులు చెరుగుతున్నను జానెడు లోతున వేడిమి ఎంతో తగ్గుతుంది. రేగడి ఎండి నెర్రెలు విచ్చినపుడు పైమట్టి ఆ నెర్రెలలోనికి రాలి పడుతుంది. ఆ మట్టితోపాటు అందులోని జీవులు కూడ చల్లని అరలలోనికి దిగుతాయి. చెట్ల వేళ్ళ వెంట ఈ జీవులు ఎంత లోతునకు పోగలవో తెలియవలెనంటే ఆఫ్రికాలోని సెనెగల్ దేశము చూడవలెను. అక్కడ తుమ్మకు చుట్టమైన ఒక చెట్టు క్రింద 34 మీటర్ల లోతున కూడ ఇటువంటి జీవులు ఉన్నట్లు 1992లో ప్రకటించినారు. అనగా పది నిలువుల బావికంటె లోతన్నమాట.

మూడవ రక్ష ఆ జీవి స్వయముగా చేసుకొనేది. నేల ఎండుతున్నకొలది మట్టిరేణువులు నీటిని బిగబట్టుకొంటాయి. జీవి శరీరములోని నీటిని కూడ బయటికి లాగుతాయి. ఊరగాయలో ఉప్పు మామిడిముక్కనుండి నీరు లాగినట్లే. దానికి ఎదురుగా ఈ జీవి తన లోపల కొన్ని పదార్థములను పోగుచేసుకొంటుంది. వాటిలో ముఖ్యమైనది ట్రెహలోజ్ అను ఒక చక్కెర. నీరు పోయినచోట అది నిలిచి, కణపు పొరలు, మాంసకృత్తులు ముడుచుకొని చెడిపోకుండ కాపాడుతుంది. బయట చుట్టు ఒక జిగురుపొరను కూడ కట్టుకొంటుంది. ఆ జిగురు తడిని పట్టి ఉంచుతుంది, మట్టిని అతికించుకొంటుంది. వేడిమి హెచ్చినపుడు లోపలి మాంసకృత్తులు వంకరపోతే వాటిని తిరిగి సరిచేసే మరమ్మతు మాంసకృత్తులను ప్రత్యేకముగా తయారు చేసుకొంటుంది. తిండి లేని రోజులకై కొన్ని జాతులు కొవ్వువంటి గుళికలను దాచుకొంటాయి. గాదెలో గింజలు పోసికొన్న సంసారివలె.

ఇన్ని చేసినను నష్టము లేకపోలేదు. వేసవి గడచేసరికి పైపొరలో సంఖ్య బాగా పడిపోతుంది. అంతకంటె విచిత్రమైన నష్టము మరియొకటి కలదు. త్వరగా పెరిగే కొన్ని జాతులలో, బుడిపె కట్టించే విద్యకు సంబంధించిన జన్యువులు ప్రధానమైన దారముమీద కాక, విడిగా ఉండే ఒక చిన్న చుట్టమీద ఉంటాయి. అధికమైన వేడిమిలో ఆ చుట్ట జారిపోవచ్చును. అపుడు జీవి బ్రతికే ఉంటుంది, పెరుగుతుంది, పిల్లలను కంటుంది. వేరును కలిసికొనే విద్యను మాత్రము మరచిపోయి ఉంటుంది. ఎండ దానిని చంపలేదు, దాని చదువును చెరిపివేసినది. నిదానపు జాతులలో ఆ జన్యువులు చాలవరకు ప్రధానమైన దారములోనే చేరి ఉంటాయి గనుక అవి తేలికగా మరచిపోవు.

తొలకరి మరియొక పరీక్ష. పొడిగా, నిద్రలో ఉన్న జీవి వేడిమిని ఓర్చుకొన్నంతగా, తడిసి మేల్కొన్న జీవి ఓర్చుకొనలేదు. ఒక జల్లు కురిసి, నేల తడిసి, జీవులు కన్ను తెరచిన తరువాత వరుణుడు ముఖము చాటు చేసి, వారము పది రోజులు ఎండలు మండినవనుకోండి. ఆ దెబ్బ వేసవి దెబ్బకంటె కఠినమైనది. పల్నాటి రైతుకు ఈ మోసపు తొలకరి కొత్త కాదు. మొదటి జల్లుకే తొందరపడి విత్తినవాని గింజ ఎట్లు మాడుతుందో, ఆ గింజకు పట్టించిన పొడి కూడ అట్లే మాడుతుంది. దుక్కి బాగుగా పదునైన తరువాత విత్తుమని చెప్పే పాత మాటకు ఇది మరియొక సాక్ష్యము.

పైరు ఎదిగిన తరువాత వచ్చే బెట్ట వేరు రకము. అపుడు కష్టము బుడిపెలోనే ఉంటుంది. నత్రజనిని పట్టే ఆ యంత్రమునకు ప్రాణవాయువు గిట్టదు, తగిలితే చెడిపోతుంది. కాని అదే సూక్ష్మజీవికి ఊపిరి తీయుటకు ప్రాణవాయువు కావలెను. ఈ చిక్కును విప్పుటకు బుడిపెలో మన రక్తములోని ఎరుపుకు చుట్టమైన ఒక ఎర్రని పదార్థము ఉన్నది. అది ప్రాణవాయువును బొట్టు బొట్టుగా అందిస్తుంది. పని చేస్తున్న బుడిపెను కోస్తే లోపల గులాబిరంగు కనబడుటకు కారణము అదే. నేల ఎండినపుడు బుడిపె పైతొక్కు బిగిసికొని ఆ ఊపిరి సన్నగిల్లుతుంది. ఆకునుండి చక్కెర రాక తగ్గుతుంది. తయారయిన నత్రజని సరకు మొక్కలో కదలక పేరుకొనిపోతుంది. ఆకు వాడక ముందే బుడిపె పని మందగిస్తుంది. చేను పచ్చగా కనబడుతూ ఉండగానే క్రింద వంట ఆగిపోయినదన్నమాట.

ఈ బెట్టకు అన్ని పైర్లును ఒకే తీరున లొంగవు. సింక్లెయిర్, సెర్రాజ్ అను శాస్త్రజ్ఞులు 1995లో పలు పప్పుజాతి మొక్కలను పోల్చి చూపినారు. సోయాచిక్కుడు, అలసంద వంటివి బెట్టకు త్వరగా నత్రజని పని మానుకొంటున్నవి. వేరుశనగ, శనగ వంటివి మరికొంత కాలము సాగిస్తున్నవి. వేరునుండి ఆకునకు నత్రజనిని ఏ రూపములో మోసుకొనిపోతున్నవి అనుదానితో ఈ భేదమునకు సంబంధము ఉన్నట్లు వారు కనుగొన్నారు. సూక్ష్మజీవిని మార్చి కూడ మేలు పొందవచ్చునని మెక్సికోలో చేసిన పని 2008లో వెలువడినది. అక్కడ చిక్కుడు జీవికి ట్రెహలోజును ఎక్కువగా తయారుచేసే శక్తిని కలిగించినారు. ఆ జీవిని పొందిన మొక్కలు బెట్టను మామూలు మొక్కలకంటె మెరుగుగా ఓర్చుకొన్నవి. అంగుళములో వేయవవంతైన లేని జీవి దాచుకొన్న చక్కెర, నిలువెత్తు పైరునకు ఓర్పు నేర్పినదని దీని భావము.

ఇంతవరకు నీరు లేని కష్టము చెప్పినాము. పల్నాటికి నీరు వచ్చిన కథ కూడ చెప్పవలెను. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు విడిచినారు. జొన్న, కొర్ర, ఆముదము, కంది పండిన చేలు ఎన్నో కుడికాలువ క్రింద వరిమళ్ళయినవి. శ్రీనాథుని కాలములో జొన్నకూటికి పేరుపడిన సీమలో వరియన్నము ఉడికినది. ఇది చిన్న మేలు కాదు. కాని మాగాణిలో నెలల తరబడి నీరు నిలిచినపుడు నేలలో గాలి ఉండదు. గాలిని కోరే మన వేరునేస్తములు అక్కడ తగ్గిపోతాయి. వరి పండించిన నేలలలో కంది, శనగ జీవులు చాల తక్కువగా ఉంటున్నట్లు పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ పరిశీలనలలో కనబడినది. మెట్టచేనిలో తరతరాలుగా ఉన్న కాపురము, మాగాణిలో కొన్ని పంటలకే చెదరిపోతుంది. అందుచేత పాత కందిచేనిలో పొడి పట్టించకున్నను బుడిపెలు కట్టవచ్చును. వరి మాని కొత్తగా పప్పుజాతి వేసిన పొలములో మాత్రము బయటినుండి తెచ్చిన పొడి ఎంతో అవసరము.

నీరు కూడ అందరికీ శత్రువు కాదు. పచ్చిరొట్టగా వేసే జీలుగ తడినేలను ఓర్చుకొంటుంది. ముందు చెప్పిన సెనెగల్ దేశమునకే చెందిన ఒక జీలుగ జాతి మరింత నేర్పరి. వేరు నీట మునిగినను పని ఆగకుండ, కాండముమీద కూడ బుడిపెలు కట్టుకొంటుంది. వరికి ముందు జీలుగ వేసి కలియదున్నే రైతు ఈ జీవుల కష్టమును సుఖముగా మార్చుకొంటున్నాడు.

ఉప్పు, సున్నము ఇంకొక తీరు బాధ. మురుగు పోక ఉప్పు తేలిన పల్లపు నేలలో జీవి బ్రతికినను, వేరునూగు దానిని చుట్టుకొనే ఘట్టములోనే ఒడంబడిక చెడిపోతుంది. ఇక్కడ మొక్కకంటె జీవియే గట్టిది. సున్నము హెచ్చుగా ఉన్న నేలలో ఇనుము ఉన్నను పైరునకు అందదు. వేరుశనగ ఆకులు పసుపుబారుటయే గాక బుడిపెలు కూడ సరిగా ఎదగవు. ఆ ఎర్రని పదార్థమునకు, నత్రజనిని పట్టే యంత్రమునకు రెండింటికిని ఇనుము కావలెను గదా. పిడుగురాళ్ళ సున్నపుబట్టీలను ఎరిగిన మన రైతులకు ఆ ప్రక్క రాతిలో, మట్టిలో సున్నము పాలు ఎంతో చెప్పనక్కరలేదు.

ఇక మన చేతులమీదుగా వచ్చే కష్టములు. మొదటిది యూరియా. నేలలో నత్రజని పుష్కలముగా దొరికితే మొక్క చక్కెర ఖర్చుపెట్టి బుడిపెలను పోషించదు. ఇంట్లో వంట సిద్ధముగా ఉన్నవాడు పూటకూళ్ళకు డబ్బు ఇవ్వడు. అందుచేతనే పప్పుజాతి పైర్లకు మొదట స్వల్పముగా మాత్రమే నత్రజనిని వేయమంటారు. రెండవది విత్తనమునకు పట్టించే తెగుళ్ళ మందు. అది అవసరమే, కాని వరుస తప్పరాదు. ముందు తెగుళ్ళ మందు, దాని తరువాత పురుగుల మందు, అన్నిటికంటె చివర సూక్ష్మజీవుల పొడి.

మూడవ కష్టము చెప్పుటకు మళ్ళీ ఆ పోస్టుకార్డు దగ్గరకు రావలెను. పొడి పట్టించే పద్ధతి ఇది. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల బెల్లము గాని పంచదార గాని వేసి మరగించి, పూర్తిగా చల్లార్చవలెను. 8 కిలోల విత్తనముపై ఆ పాకమును చల్లి, 200 గ్రాముల పొడిని గింజ గింజకు అంటేటట్లు కలపవలెను. తరువాత నీడలో ఆరబెట్టి ఆలస్యము చేయక విత్తవలెను. ఇందులో రహస్యము లేదు, ఖర్చు కూడ కొద్దియే. ప్రభుత్వ నిబంధన ప్రకారము ఈ పొడిలో గ్రాముకు కనీసము 5 కోట్ల జీవులు ఉండవలెను. అవి ఇంతవరకు మనము చెప్పుకొన్న మట్టి గొడుగు గాని, లోతు గాని లేని జీవులు. గింజ తొక్కపై పలుచగా పరచుకొని, తడిసి, మేల్కొని ఉన్నవి. వాటిని ఎండలో పెట్టుట అనగా ఏమో ఇపుడు శ్రోతలకు వేరుగా చెప్పనక్కరలేదు.

కార్డు వచ్చిన తరువాత ఆనాడు చదివిన కాగితమును తీసి చూచినాము. కాగితములో 'నీడలో ఆరబెట్టి' అని స్పష్టముగా ఉన్నది. చదివినది మేమే. సమయము మించిపోతున్నదని చివరి వాక్యములను కుదించుకొన్నాము. ఆ కుదింపులో 'నీడలో' అనే మాట జారిపోయినది. ఆ రైతు విన్నది 'ఆరబెట్టి' అని మాత్రమే. కళ్ళములో గోనెపట్టాపై, మంచి ఎండలో, వడ్లు ఆరబెట్టినట్లే ఆరబెట్టినాడు. ఏ రైతయినను అదే చేస్తాడు. ఆయన పొలము కొన్నేళ్ళుగా వరి పండినది. నేలలోని పాత కాపురమును నిలిచిన నీరు చెదరగొట్టినది. కొత్తగా తెచ్చిన కాపురమును ఒక పూట ఎండ మాడ్చినది. రెండవ దానికి బాధ్యత మాది. తప్పు తనదా, పొడిదా, మాదా అని అడిగిన ఆయనకు ఆ మాటయే వ్రాసినాము. తరువాత ఆ విధానమును మళ్ళీ ప్రసారము చేసినపుడు 'నీడలో' అనే మాటను రెండుసార్లు చదివినాము. కాని ఒక సాలు పంట దాటిపోయిన తరువాత చదివిన మాటకు ఆ సాలు తిరిగి రాదు.

కంది మన ప్రాంతమునకు పరాయి పైరు కాదు. గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రము ఇచ్చిన ఎల్.ఆర్.జి. 30 అను కందికి 'పల్నాడు' అనే పేరు పెట్టినారంటే ఈ నేలకూ ఆ పైరుకూ ఉన్న సంబంధము తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు పేర ఒక జిల్లా ఏర్పడినది. ఆ పేరు అంతకు ఎన్నో ఏండ్ల ముందే కందిగింజకు దక్కినది. కంది వేసిన చేనిలో తరువాత మొక్కజొన్న వేసి చూడగా, హెక్టారుకు సుమారు 40 కిలోల నత్రజని వేసినంత మేలు మిగిలినట్లు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు 1983లో ప్రకటించినారు. రెండు బస్తాల యూరియాకు ఇది ఇంచుమించు సమానము. అంతా ఆ చాపకూటి మిగులే.

ఈ మిగులు మన చేనిలో ఉన్నదా లేదా అని తెలిసికొనుటకు ప్రయోగశాల అక్కరలేదు. విత్తిన 30 మొదలు 45 రోజుల లోపల, నేల పదునుగా ఉన్నపుడు, ఒక మొక్కను గునపముతో వేరు చెడకుండ త్రవ్వి తీయండి. పీకితే బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి. వేళ్ళను నీటిలో మెల్లగా కడిగి, ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబిరంగు ఉంటే చాపపై ఇద్దరును కూర్చున్నారని అర్థము. తెల్లగానో, పచ్చగానో ఉంటే వంట మొదలు కాలేదు, లేదా ముగిసిపోయినది. బుడిపెలే లేకుంటే వచ్చే యేడు విత్తే ముందు ఆలోచించుకొనవలసినది చాల ఉన్నది. పంట కోసిన తరువాత మొదళ్ళను, రాలిన ఆకును తగులబెట్టక నేలపైనే ఉంచండి. ఆ కప్పు వేసవిలో నేల వేడిమిని కొంతయినను తగ్గిస్తుంది.

పట్నపు ఇళ్ళలో ఈ ప్రసంగమును విన్న గృహిణులకు మొక్కను త్రవ్వే పని లేదు. కాని ముద్దపప్పు వడ్డించేటపుడు ఆ పప్పులోని బలములో కొంత, రెంటచింతల ఎండను నెర్రెలలో దాగి గడిపిన జీవులదని తలచుకొంటే చాలును.

వచ్చే వేసవిలో మళ్ళీ ఆ ఊరి పేరు మేము చదువుతాము. అపుడు మీరు గొడుగు తీసికొనే బయలుదేరుతారు. విత్తనమును కూడ నీడనే ఉంచండి. సెలవు.